వసంతకాలమున గృహము, పదవ తరగతి చదువు

కావ్యములయందు వసంతమునకు మావిచిగురును కోకిలయు గుర్తులు. జనగామకును స్టేషన్ ఘన్‌పూరునకును నడుమ, సికింద్రాబాదు కాజీపేట రైలుమార్గము మీదనున్న మన రఘునాథపల్లి పరిసరములయందు గుర్తులు వేఱు. మోదుగుచెట్లు ఎఱ్ఱబారును. చెఱువులలో నీరు తగ్గుచుండును. యాసంగి వరి యీని, గింజ పాలుపోసికొనును. బడులు ఒంటిపూట బడులగును. పదవ తరగతి చదువు బిడ్డ యున్న యింట గోడకు పరీక్షల పట్టిక యొకటి అంటింపబడును. ఇవి యొకదాని వెనుక నొకటి తీరికగా వచ్చిన బాధ లేదు. అన్నియు నొక్క నెలలో వచ్చి యింటిమీద పడును. అట్టి యింటి సంగతి ఈ వ్యాసమున విచారింతము.

2025 వ సంవత్సరమును దృష్టాంతముగా గైకొందము. ఆ యేడు ఫిబ్రవరి 26 న మహాశివరాత్రి, మార్చి 5 న క్రైస్తవుల లెంతు దినముల ఆరంభము, 14 న హోలీ. 15 మొదలు ఒంటిపూట బడులు. 21 న పదవ తరగతి పరీక్షలు ప్రథమభాషతో మొదలైనవి; 22 న ద్వితీయభాష, 24 న ఆంగ్లము, 26 న గణితము, 28, 29 తేదీలలో భౌతిక, జీవశాస్త్రములు. మఱునాడే ఉగాది. ఆ మఱునాడు రంజాను పండుగ. ఏప్రిల్ 2 న సాంఘికశాస్త్రము. అనగా ఆ యేటి పిల్లలు ఉగాది పచ్చడి ఒక చేతను, సాంఘికశాస్త్ర పుస్తకము ఒక చేతను పట్టుకొనిరన్నమాట. ఆపైన ఏప్రిల్ 6 న శ్రీరామనవమి, 18 న శుభశుక్రవారము, 20 న ఈస్టరు. వీనితో బాటే వరికోతలు. రెండేండ్ల కొకసారి మేడారము జాతర గూడ ఈ కాలమునకు ముందుగనే వచ్చును. 2024 లో అది ఫిబ్రవరి 21 మొదలు 24 వఱకు జరిగెను. పరీక్షలు మార్చి 18 న మొదలాయెను. జాతరకు బోవద్దని నేను చెప్పను. ఇంటివారందఱు బోవునపుడు ఒక్క బిడ్డను ఇంటికి కావలి యుంచి పోయిన, ఆ బిడ్డ పుస్తకము చూచునో గడప చూచునో తల్లిదండ్రులే ఊహింపగలరు.

ఇంతకును ఈ పరీక్షకు ఇంత ప్రాధాన్యమేల? చట్టమును చూడుడు. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 6 ఏండ్లు మొదలు 14 ఏండ్ల వఱకు గల పిల్లలకు వర్తించును. పదవ తరగతి పిల్లవాని వయస్సు సాధారణముగ 15 ఏండ్లు. కాబట్టి ఆ వయస్సున బిడ్డను బడిలో నిలుపునది చట్టముకంటె ఇల్లే. ఆడుబిడ్డ విషయమున ఇది మఱింత నిజము. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకు వివాహము చేయుట నేరము. అయినను పరీక్ష తప్పిన బాలికను గూర్చి బంధువులు పెండ్లిమాట ఎత్తుట మనమెఱుగనిది కాదు. ఫాల్గుణ వైశాఖములు పెండ్లిండ్ల మాసములు గూడ గదా! అట్టి యవస్థలో నున్న బిడ్డ 1098 అను సంఖ్యకు రుసుము లేక ఫోను చేసి సహాయము కోరవచ్చును. ఈ సంఖ్య పిల్లలకు కంఠస్థమై యుండుట మేలు.

ఇక దినచర్యకు వత్తము. ఫిబ్రవరి మాసమున ఒక బాలిక దినమును గడియారము పెట్టి లెక్కింతము. ఇట్టి బాలిక మన మండలమున ఏ గ్రామమందైనను కనబడును. వేకువ 4.30 గంటలకు లేచును. వాకిలి ఊడ్చి, నీళ్లుపట్టి, అంట్లుతోమి, తమ్మునికి తలదువ్వు నప్పటికి 7 గంటలగును. ప్రత్యేక తరగతులతో గూడిన బడి ముగించుకొని యిల్లు చేరునప్పటికి సాయంకాలము 6. అవ్వ మిరపకాయ కోతనుండి యింకను రాలేదు, పొయ్యి ముట్టింపవలెను. తిని, గిన్నెలు కడిగి పుస్తకము తెఱచునది 8.30 కు. పండుకొనునది 11 గంటలకు. నిద్ర ఐదున్నర గంటలు. అదే యింట తొమ్మిదవ తరగతి చదువు తమ్ముడు 9.30 కు పండుకొని 6 కు లేచుచున్నాడు. అతని నిద్ర ఎనిమిదిన్నర గంటలు. ఒక్క యింటి రెండు చాపల నడుమ మూడు గంటల భేదము! వాకిలి ఊడ్చుటకు మగచేతులు పనికిరావని ఏ శాస్త్రమును చెప్పలేదు. నీళ్లు పట్టుట, తన గిన్నె తాను కడుగుకొనుట తమ్మునికి అప్పగించిన, అక్కకు దినమునకు ముక్కాలు గంటయైన మిగులును. రెండు నెలలలో అది 45 గంటలగును.

ఆ మిగిలిన కాలమును చదువుకే పెట్టవలెనా, నిద్రకు పెట్టవలెనా? నా మట్టుకు ముందు నిద్రకే యందును. 13 మొదలు 18 ఏండ్ల వయస్సు వారికి దినమునకు 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని అమెరికాలోని నిద్రావైద్యుల సంఘము 2016 లో నిర్ణయించినది. పగలు విన్న పాఠమును మెదడు స్థిరపఱచుకొనుట చాలవఱకు నిద్రలోనే జరుగును. ఇంకొక విశేషము. యౌవనారంభమున శరీరములోని గడియారము కొంత వెనుకకు జరుగును. నిద్ర తెప్పించు మెలటోనిన్ అను హార్మోను చిన్నపిల్లలలో కంటె ఆలస్యముగా ఊరును. అందుచేత పదునైదేండ్ల బిడ్డకు రాత్రి 9 గంటలకు నిద్రపట్టకపోవుటయు, వేకువ 4 గంటలకు లేవజాలకపోవుటయు సోమరితనము కాదు. నాలుగింటికి లేపి నీళ్లు చల్లి కూర్చుండబెట్టుట మన పెద్దల అలవాటు. పదింటికే పండుకొనిన బిడ్డను ఆరింటికి లేపిన రెండును సమకూరును. సెల్‌ఫోను ఆ వేళకు పెద్దల పడకచోట నుండవలెను. పెద్దలు మాత్రము దానిని చూచుచు కూర్చుండరాదు. వెలుతురు గోడదాటి పోవును.

చదువు విధమును గూర్చి ఒక మాట. జర్మను దేశీయుడైన ఎబ్బింగ్‌హౌసు అను పండితుడు అర్థములేని అక్షరసముదాయములను తానే వల్లించి, తానే మఱచి, ఆ మఱపును కొలిచి 1885 లో గ్రంథము ప్రకటించెను. నేర్చినది మొదటి గంటలలోనే ఎక్కువగా జాఱిపోవుననియు, తర్వాత మఱపు మెల్లగించుననియు ఆయన కనుగొనెను. ఒక్కనాడే పదిసార్లు వల్లించుటకంటె కొన్నినాళ్లు ఎడమిచ్చి వల్లించుట మేలనియు తేలినది. కాబట్టి మార్చి 25 న రాత్రియెల్ల గణితము చేయుటకంటె, సంక్రాంతి నాటినుండి మూడుదినముల కొకసారి ఒక లెక్కను పుస్తకము మూసి చేయుట లాభకరము. మూసి యనుట ముఖ్యము. తెఱచిన పుస్తకమును చూచుచు "వచ్చును, వచ్చును" అనుకొనుట సులభము.

పొలము పని చదువునకు శత్రువని కొందఱు తలంతురు. రాత్రి కల్లము కావలికి బిడ్డను పంపుట శత్రుత్వమే. కాని పగటిపూట అరగంట కల్లమునొద్ద నిలుచుట గణితమునకు మిత్రము. పదవ తరగతి పాఠ్యములో శంకువు కలదు; వడ్లకుప్పకంటె మంచి శంకువు మన యూళ్ల లేదు. తండ్రి యడుగును: "బిడ్డా, గీ కుప్పల ఎన్ని సంచులుంటయి?" బిడ్డ యనును: "నాయినా, తాడియ్యి, చెప్త."

తాటితో కుప్ప అడుగు చుట్టుకొలత కొలిచిన 8.8 మీటర్లు వచ్చినదనుకొందము. దానిని 2 చేతను 22/7 చేతను భాగించిన వ్యాసార్ధము 1.4 మీటరు. ఒక కఱ్ఱను కుప్పనడుమ నిలువుగ దింపి చూడగా ఎత్తు 0.9 మీటరు. శంకువు ఘనపరిమాణము వ్యాసార్ధ వర్గమును ఎత్తుచేతను 22/7 చేతను గుణించి మూడవవంతు తీసికొనిన వచ్చును గదా. అది యిచట 1.848 ఘనమీటర్లు. ఘనమీటరు వడ్లు సుమారు 550 మొదలు 600 కిలోగ్రాములు తూగును. కాబట్టి కుప్పలో 10 నుండి 11 క్వింటాళ్లు, అనగా 40 కిలోల సంచులు 25 మొదలు 28 వఱకు ఉండవలెను. కాంటా అయినప్పుడు ఎన్ని వచ్చినవో సరిచూచుకొనవచ్చును.

మబ్బు పట్టినదనుకొందము. కుప్పను కప్పుటకు ఎంత పరదా కావలెను? 1.4 వర్గము 1.96, 0.9 వర్గము 0.81, కూడిన 2.77, దాని వర్గమూలము సుమారు 1.66. ఇది ఏటవాలు ఎత్తు. దీనిని వ్యాసార్ధముచేతను 22/7 చేతను గుణించిన 7.3 చదరపు మీటర్లు. ఇది కుప్ప వాలు విస్తీర్ణము మాత్రమే. పరదా చతురస్రముగా నుండును, అంచులకు రాళ్లు పెట్టవలెను. గాన నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గలది తేవలెను. మఱియు 0.9 ని 1.4 చేత భాగించిన సుమారు 0.64; అది ఏ కోణపు టాంజెంటో పట్టికలో చూచిన 33 డిగ్రీలకు దగ్గఱగ వచ్చును. పెద్దకుప్పయైనను చిన్నకుప్పయైనను ఆ వడ్ల వాలు దాదాపుగ అంతే యుండును. ఏల? గింజపై గింజ జాఱకుండ నిలుపు ఘర్షణబలము కుప్ప పరిమాణమును బట్టి యుండదు గనుక. తడిసిన వడ్లు ఇంకను నిటారుగ నిలుచును. కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతము మించరాదను నియమము తండ్రికి తెలిసినదే. నూఱు కిలోల వడ్లలో 17 కిలోలు నీరే యని దాని అర్థమని బిడ్డ ఆయనకు చెప్పగలదు. ఈ పాఠమునకు అరగంట చాలును. దీనితో శంకువు, త్రికోణమితి, ఘర్షణ మూడును ఒక్క కుప్పలో దొరకినవి.

చరిత్రకు గూడ దూరము పోనక్కఱలేదు. మొగలాయీ పాలకుల కెదురు నిలిచి 1710 లో మరణశిక్ష పొందిన సర్వాయి పాపన్న ఊరు ఖిలాషాపురము మన మండలములోనిదే. ఆయన కోట యచట నేటికిని నిలిచి యున్నది. ఆదివారము సాయంకాలము ఆ బురుజుల నీడను నడచివచ్చిన బిడ్డకు ఔరంగజేబు అనంతరకాలపు పాఠము పుస్తకములోని పేరులుగా మాత్రమే మిగులదు.

ఆహారము సంగతి క్లుప్తముగ చెప్పెదను. పరీక్షలలో చాలవఱకు ఉదయము 9.30 కు మొదలై 12.30 కు ముగియును. బిడ్డ బయటికి వచ్చునది నడియెండలోనికి. నీళ్లసీసా, తలకు తువ్వాలు, ఇంటికి రాగానే మజ్జిగయో అంబలియో. పరీక్షనాడు కొత్తవంటలు, బజారు తినుబండారములు వలదు. ప్రతిదినము తినెడి అన్నమే చాలును. హాలుటికెట్టు పెట్టెలో భద్రముగ దాచి తాళపుచెవి తీసికొని తండ్రి పొలమునకు పోయిన కథలు ఏటేట వినబడుచునే యున్నవి. ముందుదినము రాత్రియే దానిని బిడ్డ చేతికీయుడు.

పరీక్షలు ముగిసినంత ఇంటిపని ముగియదు. 2025 లో ఫలితములు ఏప్రిల్ 30 న వెలువడెను. ఉత్తీర్ణులు నూటికి 92.78. తక్కిన ఏడుగురిని గూర్చియే ఇంట ఎక్కువ జాగ్రత్త కావలెను. వారికి అదే యేడు జూన్ 3 మొదలు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరిగినవి. అందు గెలిచినవారు ఆ యేటనే పై తరగతిలో చేరవచ్చును, సంవత్సరము పోదు. ఫలితములు వచ్చునాడు తల్లియో తండ్రియో ఇంట నుండవలెను. తప్పిన బిడ్డను ఒంటరిగ విడువరాదు. పొరుగువారి బిడ్డ మార్కులు ఆ దినమున ఎత్తరాదు. మొదటి మాటగా "అన్నం తిన్నవా బిడ్డా" అని యడుగుడు. జూను పరీక్షల సంగతి మఱునాడు మాటలాడవచ్చును.

ఉత్తీర్ణులకు త్రోవలు పెక్కు గలవు. ఇంటర్మీడియెటు కలదు. పాలిసెట్ వ్రాసి పాలిటెక్నిక్కున చేరవచ్చును. ఐ.టి.ఐ. కలదు. 2008 లో స్థాపింపబడిన బాసర విశ్వవిద్యాలయమున పదవ తరగతి ఫలితముల నాధారము చేసికొని ప్రవేశమిత్తురు. వీనికి దరఖాస్తు గడువులు చిన్నవి, కుల, ఆదాయ ధ్రువపత్రములు మీసేవా కేంద్రము నుండి వచ్చుటకు కొన్ని దినములు పట్టును. ఫలితములు వచ్చినవెనుక అందఱును అచటికే పరుగిడుదురు. ఏప్రిల్ మొదటివారమున, సాంఘికశాస్త్ర పరీక్ష ముగిసి వరికోతలు ముమ్మరము గాక ముందు, రెండు మూడు దినముల సందు దొరకును. ఆ సందున తండ్రియు బిడ్డయు కలిసి పోయి, ఆధారుకార్డులోని పేరును బడి రికార్డులోని పేరును అక్షరమక్షరము సరిపోల్చుకొని, దరఖాస్తు చేసి రావలెను.