ఎవరు కుర్చీలో, ఎవరు నేల మీద?



మనసుకు పెద్ద దెబ్బ తగిలిన మనిషితో ఎలా మెలగాలో ఈ పాఠంలో చూద్దాం.

2004 డిసెంబరు 26న సునామీ మన కోస్తాను కూడా తాకింది. ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వారు తీర గ్రామాల వాళ్లకే తర్ఫీదునిచ్చి, బాధితులకు మానసిక ఆసరా అందేలా చూశారు. అది మంచి పని. అయితే మరో సంగతీ అప్పుడే బయటపడింది. పొరుగున తమిళనాడు తీరంలో పడవలు, వలలు ఉన్నవారి నష్టమే ముందు లెక్కకు వచ్చిందనీ, దళితులు, ఇరుళర్లు చాలాచోట్ల సాయం జాబితాల్లో చేరలేదనీ 2005లోనే హక్కుల సంఘాలు రాశాయి.

మన తడ దగ్గర పులికాట్ ఒడ్డున కూడా పడవలున్న వారు వేరు, నీళ్లలో దిగి చేతులతో రొయ్యలు పట్టే యానాదులు వేరు. యానాది కాలనీ నుండి ఒక తల్లి వచ్చిందనుకోండి. కౌన్సిలరు కుర్చీలో, ఆమె నేల మీద. పక్కనే ఆమెకు అప్పిచ్చిన పెద్దమనిషి. "నిద్ర పడుతోందామ్మా?" అని అడిగితే ఆమె ముందు ఆయన ముఖం చూస్తుంది. "బాగానే ఉండాది సామీ" అంటుంది. ఆ మాట విని జబ్బు లేదని రాసేస్తే పొరపాటు. తెల్లకోటు వేసుకున్న మేము కూడా ఈ పొరపాటు చేయగలం.

జరిగిన కష్టంలో ఆమె ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. వైద్యంలోనూ అడగకపోతే పాత గాయమే మళ్లీ రేగుతుంది. అందుకే ముందు ఆమెకూ ఒక కుర్చీ వేయాలి. ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్లు అన్నది ఆమెకే చెప్పాలి. చెప్పడం ఇష్టం లేని సంగతిని తవ్వి తీయకూడదు.

ఇక మీ ఇంటి సంగతి. ఇది కొంచెం చేదుగానే ఉంటుంది. రోగిని అడిగిన ప్రశ్నకు మీరే జవాబు చెబుతున్నారా? బ్యాంకు పుస్తకం, ఫోను మీ దగ్గరే పెట్టుకున్నారా? అన్నంలో మాత్ర కలిపి పెడుతున్నారా? ప్రేమతోనే చేస్తారు, కాదనం. కానీ ఆ విషయం తెలిసిన రోజున రోగి అన్నాన్ని కూడా నమ్మడు. మాత్ర వద్దంటే డాక్టరుకు చెప్పండి, వేరే దారి చూస్తారు.

2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. తన తరపున మాట్లాడే మనిషిని రోగే ఎంచుకోవచ్చు. ఆ మనిషి మీరే కానక్కరలేదు. తన సంగతులు గోప్యంగా ఉంచమనే హక్కూ రోగికి ఉంది. ఇంట్లో అత్యవసరమైతే టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఈసారి వచ్చినప్పుడు రోగిని లోపలికి పంపి మీరు పది నిమిషాలు వరండాలో కూర్చోండి. బయటికి వచ్చాక "ఏం చెప్పావు?" అని మాత్రం అడగవద్దు.