పెద్ద నల్లంచి పాట – నేపర్‌విల్ రాబిన్ పాట
(పక్షుల కూతలతో ఒక తెలుగు పాఠం)

పిల్లలూ! మార్చి నెలలో మంచు కరగగానే మన నేపర్‌విల్‌లో తెల్లవారకముందే ఒక పక్షి పాట మొదలుపెడుతుంది. అది అమెరికన్ రాబిన్. మరి మీ అమ్మమ్మగారి ఊళ్ళో తెల్లవారుజామున పాడే పక్షి ఏది? కోడి, కోకిల అని అందరమూ చెబుతాం. అక్కడి పెరళ్ళలో ఇంకో గొప్ప గాయకుడు ఉన్నాడు. వాడే పెద్ద నల్లంచి. ఈ పాఠంలో వాడితో పరిచయం చేసుకుందాం.

పెద్ద నల్లంచి ఎలా ఉంటుంది?

ఇది సుమారు 19 సెంటీమీటర్ల పిట్ట. మగపిట్టకు తల, మెడ, వీపు నిగనిగలాడే నలుపు. పొట్ట తెలుపు, రెక్క మీద తెల్లని చార. ఆడపిట్టకు నలుపు ఉన్నచోట బూడిద రంగు ఉంటుంది. తోక నిక్కించి నేల మీద గెంతుతూ పురుగులను ఏరుకు తింటుంది. చెట్టు తొర్రలో, గోడ కన్నంలో గూడు పెడుతుంది. ఎండాకాలంలో మగపిట్ట చెట్టు చిటారు కొమ్మన కూర్చుని చాలాసేపు పాడుతుంది. మధ్యమధ్య వేరే పక్షుల కూతలను కూడా అనుకరిస్తుంది. బంగ్లాదేశ్ జాతీయ పక్షి ఇదే. అక్కడ దీన్ని దోయెల్ అంటారు.

ఇంగ్లీషులో దీని పేరు మ్యాగ్‌పై-రాబిన్. అయితే ఇది మన నేపర్‌విల్ రాబిన్‌కు దగ్గర చుట్టం కాదు. యూరప్‌ నుంచి వలస వచ్చినవారు ఇక్కడ ఎర్రరొమ్ము పిట్టను చూసి, తమ ఊరి రాబిన్ గుర్తుకొచ్చి అదే పేరు పెట్టారు. కొత్త ఊరు వెళ్ళినవాళ్ళు పాత పేర్లను వెంట తీసుకువెళతారన్నమాట!

పాట వేరు, పిలుపు వేరు

పక్షులు అరిచే ప్రతి అరుపూ పాట కాదు. పిల్లి వస్తే "జాగ్రత్త" అని చెప్పడానికీ, పిల్లలను పిలవడానికీ చేసే చిన్న శబ్దం పిలుపు. "ఈ చోటు నాది" అని చెప్పడానికీ, జతను పిలుచుకోవడానికీ చేసే పొడవైన రాగం పాట. పెద్ద నల్లంచి పాట తీయగా ఉంటుంది, భయపడినప్పుడు చేసే శబ్దం మాత్రం గరగరలాడుతుంది. కుహూ అని కూసేది మగ కోకిలే. ఆడ కోకిల కిక్-కిక్ అంటుంది. మన ఇల్లినాయ్ రాష్ట్ర పక్షి కార్డినల్‌లో మాత్రం ఆడపిట్ట కూడా చక్కగా పాడుతుంది.

కూతే పేరైన పక్షులు

మన పొలాల్లో చెరువు గట్టున అరిచే తీతువు పిట్టకు ఆ పేరు దాని కూత వల్లే వచ్చింది. దాని చుట్టం నేపర్‌విల్‌లోనూ ఉంది. పేరు కిల్‌డీర్. దానికి కూడా కూత వల్లే పేరు! రెండూ గులకరాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడతాయి. ఎవరైనా దగ్గరకు వస్తే కిల్‌డీర్ రెక్క విరిగినట్టు నటిస్తూ వాళ్ళను దూరంగా తీసుకుపోతుంది.

తెలుగులో ఒక్కో పక్షి శబ్దానికి ఒక్కో మాట ఉంది:

కాకి – కావుకావు
కోడి – కొక్కొరోకో
కోకిల – కుహూకుహూ
పిచ్చుక – కిచకిచ
పావురం – కువకువ
నెమలి – కేకారవం

ఇలా శబ్దాన్ని అనుకరించే మాటలను ధ్వన్యనుకరణ పదాలు అంటారు. మన సంగీతశాస్త్రంలో షడ్జమం నెమలి స్వరమనీ, పంచమం కోకిల స్వరమనీ చెబుతారు.

పక్షులు పాట ఎలా నేర్చుకుంటాయి?

కోకిల కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకి పెంచినా కోకిల పిల్ల పెద్దయ్యాక కుహూ అనే కూస్తుంది. ఆ కూత పుట్టుకతో వచ్చేది. కానీ నల్లంచి, రాబిన్, కార్డినల్ వంటి పాటల పిట్టలు పెద్ద పక్షుల పాట విని నేర్చుకోవాలి. పీటర్ మార్లర్ అనే శాస్త్రవేత్త కాలిఫోర్నియాలో తెల్లచారల తల ఉన్న ఒక జాతి పిచ్చుకలను పరిశీలించారు. పుట్టిన తర్వాత సుమారు 10వ రోజు నుంచి 50వ రోజు వరకు తమ జాతి పాట వినని పిల్లలకు పెద్దయ్యాక ఆ పాట సరిగా రాలేదు. ఒక్కో ప్రాంతంలో వాటి పాటకు ఒక్కో యాస ఉందని కూడా ఆయన గమనించారు.

తల్లిదండ్రులకు ఒక మాట. భాష విషయంలో మన పిల్లలు కోకిలలు కారు, నల్లంచులు. తెలుగు రక్తంలో వస్తుందనుకుంటే రాదు, వినాలి. వారానికి ఒకసారి బడిలో మేము వినిపించేది చాలదు. అన్నం పెట్టేటప్పుడు, కారులో వెళ్ళేటప్పుడు మీరు తెలుగులో మాట్లాడాలి. మనుషులకు 50 రోజుల గడువేమీ లేదు గనుక, పెద్ద పిల్లలతో ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

అభ్యాసం

1. రివర్‌వాక్‌లో గానీ స్ప్రింగ్‌బ్రుక్ ప్రెయిరీలో గానీ పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. విన్న కూతలను తెలుగు అక్షరాల్లో రాయండి.
2. పిలుపుకూ పాటకూ తేడా రెండు వాక్యాల్లో చెప్పండి.
3. తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, నల్లంచిని వాళ్ళ ఊళ్ళో ఏమంటారో అడగండి. ఒకే పిట్టకు ఊరికో పేరు ఉంటుంది. ఆ పేరు, ఊరి పేరు రాసి వచ్చే వారం తరగతికి తీసుకురండి. అన్నీ కలిపి గోడ మీద పెడదాం.