కాలానికి సాక్ష్యం

ఛాయాచిత్రం ఒక క్షణాన్ని నిలిపి ఉంచుతుందని అంటారు. ఒక్క క్షణాన్నే కాక, దశాబ్దాల కాలగమనాన్ని ఛాయాచిత్రాలలో చూపిన కళాకారుడు విలియం క్రిస్టెన్‌బెరి. ఆయన ఎన్నుకొన్న వస్తువులు రాజప్రాసాదాలు కావు. మారుమూల పల్లెల్లో ఎండకు ఎండి, వానకు తడిసి, క్రమంగా కూలిపోతున్న సామాన్యమైన కట్టడాలు.

క్రిస్టెన్‌బెరి 1936లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, టస్కలూసా పట్టణంలో జన్మించారు. సమీపంలోని హేల్ కౌంటీ ఆయన తాతల నివాసస్థానం. ఎర్రమట్టి నేలలకు, పత్తి చేలకు పేరుపడిన ప్రాంతమది. ఆయన పుట్టిన ఏడాది వేసవిలోనే వాకర్ ఎవాన్స్ అనే ఛాయాచిత్రకారుడు, జేమ్స్ ఏజీ అనే రచయిత అక్కడికి వచ్చి పేద కౌలు రైతుల జీవితాన్ని పరిశీలించారు. వారి కృషి 1941లో గ్రంథరూపం పొందింది. 1960లో క్రిస్టెన్‌బెరి కంటపడిన ఆ గ్రంథం ఆయనపై గాఢమైన ప్రభావాన్ని చూపింది.

బాల్యంలో బహుమతిగా లభించిన బ్రౌనీ అనే చిన్న పెట్టె కెమెరాయే ఆయన తొలి సాధనం. తాను వేసే వర్ణచిత్రాలకు ఆధారంగా మాత్రమే మొదట ఫొటోలు తీసుకొన్నారు. 1968లో వాషింగ్టన్ నగరంలో కళాబోధకులుగా స్థిరపడిన తరువాత కూడా ఏటా వేసవిలో హేల్ కౌంటీకి వచ్చి, అవే కట్టడాలను మళ్ళీమళ్ళీ చిత్రించారు.

హవానా జంక్షన్ అనే చోట ఉన్న చిన్న చెక్క కట్టడం ఇందుకు చక్కని నిదర్శనం. ఒకప్పుడు అది పల్లె దుకాణం. తరువాత హస్తసాముద్రికం చెప్పేవారి నివాసం. పగిలిన కిటికీలోంచి వాన పడకుండా, అరచేతి బొమ్మ ఉన్న ప్రకటన ఫలకాన్ని ఎవరో తలకిందులుగా అడ్డుపెట్టారు. క్రిస్టెన్‌బెరి దానిని 1961లో చిత్రించారు. తరువాతి చిత్రాలలో గోడలు వంగాయి. చెట్టూచేమా దానిని కమ్ముకొన్నాయి. 1988 నాటి చిత్రంలో మిగిలింది ఆ స్థలం మాత్రమే.

వీటిలో ఏ ఒక్క చిత్రాన్ని విడిగా చూసినా అది పాత ఇంటి బొమ్మ మాత్రమే. వరుసగా పేర్చి చూసినప్పుడు కాలం కంటికి కనిపిస్తుంది. చూసే చోటు మారకపోతేనే చూడబడే దానిలోని మార్పు తెలుస్తుంది. ఈ చిత్రాల వెనుక ఒక సామాజిక చరిత్ర కూడా ఉంది. పత్తి సేద్యంలో యంత్రాలు ప్రవేశించగా, ఉపాధి కోల్పోయిన శ్రామికులు నగరాలకు తరలిపోయారు. మనిషి మసలని ఇంటికి ఆయుష్షు తక్కువ. కూలిన గోడలో ఊరు విడిచిన కుటుంబాల కథ దాగి ఉంటుంది.

ఛాయాచిత్రం ఇంటిని నిలబెట్టలేదు. క్రిస్టెన్‌బెరి చిత్రించిన కట్టడాలలో కొన్ని నేలమట్టమయ్యాయి. ఆయన 2016లో మరణించారు. కాని ఆ కట్టడాలు ఎలా జీవించాయో, ఎలా రాలిపోయాయో చెప్పడానికి చిత్రాలు మిగిలాయి. కోటలకు, గుడులకు శాసనాలుంటాయి. పేదవాని ఇంటికి ఇటువంటి చిత్రమే శాసనం.

మన పల్లెల్లోనూ మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు, మట్టిమిద్దెలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. విద్యార్థులు తమ ఊరిలోని ఒక పాత ఇంటిని ఎన్నుకొని, ఏటా ఒకే చోట నిలిచి ఫొటో తీసి, తేదీ రాసి భద్రపరచవచ్చు. దానికి ఖరీదైన కెమెరా కన్నా, మరుసటి ఏడు మళ్ళీ అక్కడికి వెళ్ళే ఓర్పు ముఖ్యం.

కఠిన పదాలు – అర్థాలు
కాలగమనం : కాలం నడక
ప్రాసాదం : రాజభవనం
హస్తసాముద్రికం : చేతిరేఖలను చూసి జాతకం చెప్పే విద్య
మండువా లోగిలి : నడుమ ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలి కట్టిన పెద్ద ఇల్లు

ప్రశ్నలు
1. హవానా జంక్షన్‌లోని కట్టడం కాలక్రమంలో ఎలా మారిందో వివరించండి.
2. ‘పేదవాని ఇంటికి ఇటువంటి చిత్రమే శాసనం’ – సమర్థించండి.