మేడలపై పొద్దుతిరుగుడు: విత్తుటకు అదను, గింజ కట్టుటకు ఉపాయము

పొద్దుతిరుగుడు పైరుకు ఋతుభేదము లేదని రైతులలో ఒక మాట కలదు. పగటి పొడవును బట్టి పూతకు వచ్చు పైరు కాదు గనుక, నీటి వసతి యున్నచో సంవత్సరములో ఏ నెలలో విత్తినను ఇది మొలచును, పెరుగును, పూయును. అందువలన ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని పూచిన ప్రతి పువ్వును గింజ కట్టదు. విత్తుటకు అదను కావలసినది మొక్క కొరకు కాదు, గింజ కొరకు. ఈ భేదము తెలియక నష్టపడువారు గ్రామములందును ఉన్నారు, నగరమందును ఉన్నారు.

ఈ వ్యాసమునకు హైదరాబాదు నడుమనున్న అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతములను ఉదాహరణముగా తీసికొనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. అక్కడ సెంటు చేను కూడ లేదు. అయినను మన పాఠకుల బిడ్డలు పెక్కుమంది ఉద్యోగ శిక్షణ కొరకు అమీర్‌పేటలో గదులు తీసికొని యున్నారు. ఊరిలో పొలముండి నగరమున ఇల్లు కట్టుకొన్నవారును కలరు. వీరిలో కొందరు మేడలపై డబ్బాలలో మన్ను పోసి, ఊరి జ్ఞాపకముగా నాలుగు పొద్దుతిరుగుడు గింజలు నాటుచున్నారు. మూడు నెలలు గడచిన పిదప వారు వచ్చి అడుగు ప్రశ్న ఒక్కటే: "అయ్యా, పువ్వు పళ్ళెమంత విచ్చినది. గింజ చిదిపి చూచిన లోపల పప్పు లేదు. విత్తనము నాసిదా?" విత్తనము నాసిది కాదు. పూసిన కాలము మంచిది కాకపోవుటయో, తేనెటీగ రాకపోవుటయో కారణము. చేనిలో వేల మొక్కల నడుమ కనబడని ఈ లోపము మేడపై ఆరు మొక్కలలో స్పష్టముగా కనబడును. కనుక ఈ పాఠము చేనుగల రైతునకును పనికివచ్చును.

ఈ మొక్క పుట్టినిల్లు ఉత్తర అమెరికా. నూనె పంటగా దానిని తీర్చిదిద్దినవారు రష్యనులు. క్రస్నొదార్ పరిశోధనాలయమున పుస్తొవోయిత్ అను శాస్త్రజ్ఞుడు ఏండ్ల తరబడి ఎంపిక చేసి గింజలో నూనె పాలును పెంచెను. అట్టి రకములను 1969లో సోవియట్ దేశమునుండి తెప్పించుటతో మన దేశమున సాగు ఆరంభమైనది. 1977లో రాజేంద్రనగరమున నూనెగింజల పరిశోధన డైరెక్టరేటు ఏర్పడినది. అదియే నేటి భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ. 1990వ దశకములో దేశమున ఇరువది లక్షల హెక్టారులకు మించి సాగైన ఈ పైరు నేడు అందు నాలుగవ వంతునకు కూడ రాదు. నూనెలో అధిక భాగము రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుండి వచ్చుచున్నది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌పై యుద్ధము మొదలైన పిమ్మట పంజాగుట్ట దుకాణములో నూనె పాకెట్టు ధర పెరుగుటకు కారణము ఇదియే. రైతు ఈ పైరును వదలుటకు ధరతోపాటు తాలు గింజ, తెగులు, పిట్టల బెడద కూడ కారణములు.

విత్తు దినమును లెక్కించుట

విత్తు దినమును పూత దినము నుండి వెనుకకు లెక్కింపవలెను. ఇదియే ముఖ్యమైన సూత్రము. పొట్టిదైన మోర్డెన్ రకము విత్తిన 50, 55 దినములకు పూయును. సంకర రకములు 60 దినములు, చలికాలమున మరి నాలుగైదు దినములు తీసికొనును. పూసిన పది దినములు మిక్కిలి సున్నితమైనవి. ఆ దినములలో వాన కురిసినచో పుప్పొడి కొట్టుకొనిపోవును, తేనెటీగ గూడు విడచి రాదు, పువ్వు కుళ్ళును. ఎండ 38 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచో పుప్పొడి చెడి గింజ పట్టుట తగ్గును. ఈ రెండు ఆపదలకు నడుమనున్న కాలమున పూత పడునట్లు చూచుకొనవలెను.

ఇప్పుడు ఈ రెండు పేటల వాతావరణమును గమనింతము. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు. అక్టోబరులో కూడ వాయుగుండముల భయము తీరదు. 2020 అక్టోబరు 13న నగరమును ముంచెత్తిన వాన పాఠకులకు గుర్తుండును. నవంబరు మధ్యనుండి ఆకాశము తేటపడును. మార్చి చివరకు ఎండ ముదురును, ఏప్రిల్, మే నెలలలో మేడ గచ్చు పెనమువలె కాలును. కనుక అక్టోబరు మొదటి పక్షము నుండి నవంబరు వరకు విత్తినచో పూత డిసెంబరు, జనవరిలలో పడును. నా అభిప్రాయమున మేడలకు ఇంతకు మించిన అదను లేదు. రెండవ అదను జనవరి రెండవ పక్షము. జనవరి 25న విత్తిన సంకర రకము మార్చి 26 ప్రాంతమున పూయును. ఫిబ్రవరి మొదటి వారము దాటిన పిమ్మట మేడపై విత్తవద్దు. జూన్ తొలకరికి విత్తుట గ్రామములలో తేలిక భూములకు ఆచారమే గాని, ఆ పూత ఆగస్టు ముసురులో పడును. మేడవారు ఆ జోలికి పోకుండుట మంచిది. ఊరిలో నల్లరేగడి గలవారు ఆగస్టు మధ్య వరకు ఆగి విత్తుటలోని మర్మము ఈ లెక్కయే.

విత్తనము, డబ్బా, మన్ను

మేడలకు మోర్డెన్ తగినది. మూడడుగులు, మూడున్నర అడుగులకు మించి పెరగదు గనుక గాలికి పడదు. 80, 85 దినములలో కోతకు వచ్చును. సంకర రకములు ఐదారడుగులు పెరుగును, వానికి కర్ర ఊతము కావలెను. పిట్టల మేతగా కిరాణా దుకాణములలో అమ్ము గింజ ఏ రకమో, ఎంత పాతదో తెలియదు, దానిని నాటవద్దు.

దీనికి తల్లివేరు లోతుగా దిగును. పూలకుండీలలో నారు పోసి, పెరిగిన పిదప పీకి నాటుట తగదు; వేరు వంగిన మొక్క గిడసబారును. రంగుల వ్యాపారులవద్ద దొరకు 20 లీటర్ల ఖాళీ డబ్బాకు అడుగున నాలుగైదు రంధ్రములు పొడిచి, శుభ్రముగా కడిగి, డబ్బాకు ఒక మొక్క చొప్పున పెంచవచ్చును. రెండు పాళ్ళు ఎర్రమన్ను, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుకగాని కొబ్బరిపొట్టుగాని కలుపవలెను. నీరు నిలుచుట ఈ మొక్కకు గిట్టదు. తడిసిన డబ్బా పాతిక, ముప్పది కిలోలు తూగును. కనుక గచ్చు నడుమ గాక, క్రింద గోడయున్న చోట్ల వరుసగా పెట్టవలెను. ఎండ దినమునకు ఆరు గంటలు తగ్గరాదు. మెట్రో వంతెన నీడలోని బాల్కనీలవారికి ఈ పైరు పనికిరాదు. వారు పుదీనా వేసికొనవచ్చును.

దిక్కును గూర్చి ఒక మాట. మొగ్గ దశలోనే ఇది పొద్దు వెంట తిరుగును. పూర్తిగా విచ్చిన పువ్వు తూర్పు ముఖముగా నిలిచిపోవును. డబ్బాలను మేడకు తూర్పు అంచున పెట్టినచో పువ్వులన్నియు పిట్టగోడ దాటి వీధివైపు చూచును. వానిని అందుకొనుటకు గోడపైకి వంగుట ప్రమాదము. పడమటి అంచున పెట్టినచో పువ్వుల ముఖములు మనవైపే యుండును.

గింజలను ఒక రాత్రి నీటిలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, డబ్బాకు రెండు చొప్పున అంగుళమున్నర లోతున నాటవలెను. వారములోగా మొలచును. పదునైదు దినములలో బలమైన మొక్కను ఉంచి రెండవదానిని తీసివేయవలెను. దీనికి మనసొప్పనివారు చాలమంది. ఒకే డబ్బాలో రెండు ఉంచినచో రెండు చిన్న పువ్వులు తప్ప లాభము లేదు. మొలకలను పావురములు తుంచకుండ మొదటి పది దినములు వలగాని, ముళ్ళకంపగాని కప్పవలెను. అన్ని డబ్బాలలోను ఒకే దినమున విత్తుట మరువరాదు. కారణము ముందు తెలియును.

చేనిలో నైనచో ఎకరమునకు రెండు, రెండున్నర కిలోల విత్తనము చాలును. నల్లరేగడిలో సాలుకు సాలు 60, మొక్కకు మొక్క 30 సెంటీమీటర్లు ఎడముండవలెను.

ఎరువు

నీటి వసతిగల చేనికి ఎకరమునకు 30 కిలోల నత్రజని, 36 కిలోల భాస్వరము, 12 కిలోల పొటాషు వేయుట వాడుక. పైన చెప్పిన ఎడము ప్రకారము ఎకరములో సుమారు 22,000 మొక్కలుండును. ఈ లెక్కను మొక్కకు విడదీసినచో యూరియా మూడు గ్రాములు, సూపర్ ఫాస్ఫేటు పది గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఒక గ్రాము మాత్రమే వచ్చును. అనగా యూరియా చిన్న చెంచా కూడ నిండదు. ఈ లెక్క చెప్పినపుడు మేడవారు నమ్మరు. పిడికెడు యూరియా పోసి ఆకులు పెంచి, పచ్చదోమను పిలుచుకొందురు. సూపర్ ఫాస్ఫేటు, పొటాషులను విత్తునపుడే మన్నులో కలుపవలెను. దీనిలోని గంధకము నూనెకు మేలు. యూరియాను విత్తునపుడు సగము, మొగ్గ వేళ 30వ దినమున పావు, పూత వేళ 50వ దినమున పావు వేయవలెను. పసుపు రేకులు విచ్చు వేళ లీటరు నీటికి రెండు గ్రాముల బోరాక్స్ కలిపి పువ్వు తడియునట్లు చల్లినచో గింజ బాగుగా పట్టును. మొగ్గ, పూత, గింజ పాలుపోసుకొను దశలలో ఒక్క పూట కూడ మన్ను ఎండరాదు.

తేనెటీగ చేయు పని, చేయి చేయు పని

మనము ఒక పువ్వు అనుకొనునది నిజమునకు వందలకొలది చిన్న పూవుల గుంపు. చుట్టునున్న పసుపు రేకులు గింజ కట్టవు. అవి తేనెటీగను పిలుచుటకే. నడిమి పూవులు అంచునుండి లోనికి వరుసలుగా వారము, పది దినములు విచ్చును. ఒక్కొక్క చిన్న పూవులో మొదటి దినమున పుప్పొడి వెలువడును. కీలము మరునాటికిగాని దానిని గ్రహించుటకు సిద్ధము కాదు. పైగా చాల రకములు తమ పుప్పొడితో తాము సరిగా గింజ కట్టవు, వేరొక మొక్క పుప్పొడి కావలెను. ఒంటరిగా పూసిన మొక్క తాలు పోవుటకు ఇదియే కారణము. ఆరింటికి తక్కువ గాకుండ ఒకే దినమున విత్తుమనుటయు ఇందులకే.

పుప్పొడిని మోయునది తేనెటీగ. చేనిలో ఎకరమునకు రెండు తేనె పెట్టెలు పెట్టుట మేలు. అమీర్‌పేటలో పెట్టె పెట్టువారు లేరు గాని తేనెటీగలు లేకపోలేదు. ఎత్తైన కట్టడముల చూరులక్రింద పెద్ద పట్టులు వ్రేలాడుచుండును. వానిని చూచిన వెంటనే మందు కొట్టించి చంపించుట నివాస సంఘములకు అలవాటైనది. మనుషులు నడచు త్రోవకు దూరముగా నున్న పట్టును వదలివేసినచో ఎవరికిని హాని లేదు. పట్టును కాల్పించి, పువ్వు తాలు పోయెనని విత్తనమును నిందించుట న్యాయము కాదు. పూసిన దినములలో ఏ పురుగుమందును చల్లకూడదు.

ఈగలు చాలనపుడు చేతితో ఆ పని చేయవచ్చును. ఉదయము తొమ్మిది, పదకొండు గంటల నడుమ అరచేతికి మెత్తని నూలుబట్ట చుట్టుకొని, ఒక పువ్వుపై మెల్లగా గుండ్రముగా రుద్ది, అదే బట్టతో రెండవదానిని, మూడవదానిని రుద్ది, తిరిగి మొదటిదానికి రావలెను. దినము విడిచి దినము నాలుగైదుసార్లు చేసినచో అంచునుండి నడిమి వరకు అన్ని వరుసలకును పుప్పొడి అందును. పది డబ్బాలకు పది నిమిషముల పని. శిక్షణకు పోవు విద్యార్థులు తొమ్మిదింటికి ముందే బయలుదేరుదురు. వారు ఇంటివారి పిల్లలకు నేర్పి పోవచ్చును. చేనిలో కూలి దొరకనివారు ప్రక్కప్రక్క సాళ్ళలోని పువ్వులను ముఖాముఖి తాకించి మెల్లగా రాయించినను చాలును.

తెగులు, పిట్టలు

1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతమున మొదట గుర్తింపబడిన నెక్రోసిస్ తెగులు పిదప మన జిల్లాలలోను ఈ పైరును దెబ్బతీసినది. మెడ మెలిదిరిగి, మొగ్గ నల్లబడి విచ్చకపోవుట దీని లక్షణము. ఈ వైరసు వయ్యారిభామ మొక్కలో నిలువయుండి, దాని పుప్పొడితో తామరపురుగుల ద్వారా వచ్చును. ఖాళీ స్థలములలోను, ప్రహరీగోడల వెంబడియు వయ్యారిభామ పెరుగుచుండును. విత్తుటకు ముందే, అది పూయకముందే పీకివేయవలెను. చేతులకు తొడుగులు ధరింపవలెను. తెగులు సోకిన మొక్కకు మందు లేదు, పెరికివేయుటయే.

రామచిలుకలు గింజ గట్టిపడకముందే వచ్చును. పసుపు రేకులు వాడిన పిమ్మటనే పువ్వుకు దోమతెర గుడ్డ కట్టవలెను. ముందుగా కట్టినచో చిలుకతోపాటు తేనెటీగనుకూడ ఆపినవారమగుదుము.

కోత, నిలువ

పువ్వు వెనుకభాగము నిమ్మపండు రంగునకు తిరిగినపుడు కోసి, రెండు మూడు దినములు ఎండబెట్టి, కర్రతో మెల్లగా కొట్టినచో గింజ రాలును. మంచి పువ్వునుండి 30, 40 గ్రాములు వచ్చును. లీటరు నూనెకు సుమారు రెండున్నర కిలోల గింజ కావలెను. అనగా 75 మొక్కలు. మేడపై పండించి వంటనూనె కొనుట మానెదమను ఆశ వలదు. గింజ వేయించుకొని తినవచ్చును, పచ్చడిలో వేసికొనవచ్చును.

మోర్డెన్ గింజను మరుసటి విత్తనమునకు దాచుకొనవచ్చును; సంకర రకముల గింజను దాచరాదు. ప్రక్క మేడపై వేరు రకము పూసియున్నచో తేనెటీగ రెంటిని కలిపివేయును గనుక అట్టి గింజ కూడ విత్తనమునకు నమ్మదగినది కాదు. గింజను బాగుగా ఆరబెట్టి, మూతగల డబ్బాలో పోసి తేదీ వ్రాసి యుంచవలెను. క్రొత్త గింజకు నెలన్నర వరకు నిద్రావస్థ యుండును. జనవరి మొదట కోసిన గింజను అదే నెల చివర విత్తి, మొలవలేదని పారబోయువారు కలరు. దానిని అక్టోబరు విత్తులకు దాచి, జనవరికి వేరుగా పాత గింజను సిద్ధపరచుకొనవలెను.