కోడె తాడు పిల్లల చేతికివ్వండి

పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయంటే మన ఇండ్లలో రెండు మాటలు తప్పవు. "మంచిగ చదువు బిడ్డా" అనేది ఒకటి, "పాసైతే రాజన్నకు కోడె కడుతం" అనేది రెండోది. ఈ రెండో మాట పిల్లలకు ఎట్లా వినబడుతుందో ఆలోచించారా? దేవుడు పని చేసిపెడితే కూలి ఇచ్చినట్టు! మరి ఫెయిలైతే? ఆ ఏడు కూడా కోడె కట్టండి. ముందు సప్లిమెంటరీ ఫీజు గడువు చూసుకోండి, తర్వాత రాజన్న గుడి ఉన్న వేములవాడ బస్సెక్కండి.

మొక్కులు వద్దని నేననను. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మొక్కు లేని ఇల్లు దొరకదు. కాకపోతే మొక్కంతా పెద్దలదే అయిపోయింది. పిల్లలు వెంట వచ్చి, లైన్లో విసిగి, ఫోన్ చూసుకుంటూ నిలబడతారు. నిజానికి కోడె మొక్కంత పిల్లలకు నచ్చేది ఇంకోటి లేదు. ధర్మగుండంలో స్నానం చేసి, టికెట్ తీసుకున్నాక కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేస్తాం కదా, అప్పుడు తాడు కాసేపు బిడ్డ చేతికివ్వండి. మీరు పక్కనే నడవండి. గుంజితే కోడె రాదు, అది ఆగితే మనమూ ఆగాలి. మెడ నిమరమనండి, ఆ వెచ్చదనం చేతికి తెలుస్తుంది. "నాయినా, దీన్నెందుకు కడుతున్నం?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు మార్కుల ముచ్చట ఎత్తకండి. తాత ఏ ఎద్దులతో దున్నిండో, ఆ దున్నకంతోనే మీ చదువు ఎట్లా సాగిందో చెప్పండి. నంది కథ ఇంటికి పోతూ చెప్పుకోవచ్చు.

ఆ గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోడె కట్టినవాళ్లు చాలామంది అక్కడా మొక్కి వస్తారు. పిల్లలు అడిగితే దాటేయకండి. వాళ్ల ముస్లిం దోస్తు ఇంట్లో బిస్మిల్లా అని బుక్క ఎత్తుతారనీ, తిన్నాక అల్‌హందులిల్లా అంటారనీ చెబితే చాలు.

ఆదిలాబాద్ వాళ్లకు ఎద్దు మేలు తలచుకునే ఈ పాఠం వాకిట్లోనే దొరుకుతుంది. శ్రావణ అమావాస్యకు పొలాల పండుగ. ఆ రోజు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి తెచ్చి బువ్వ పెడతారు. ఎద్దులు లేని ఇండ్లలో మట్టి ఎద్దులకైనా పూజ చేస్తారు. మట్టి ఎద్దును పిల్లలతోనే చేయించండి, వంకరగా వచ్చినా సరే. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర. మెస్రం వంశస్థులు జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా నడిచిపోయి, గోదావరి నీళ్లు తెచ్చి అభిషేకం చేస్తారు. దేవుణ్ని ఏదైనా అడిగేముందే అంత నడక. ఒక్కసారి పిల్లలను తీసుకుపోయి చూపించండి.

ఒకటి మాత్రం మానండి. "లెంపలేసుకో, కండ్లు పోతయ్" అనే బెదిరింపు. భయపడ్డ పిల్ల దండం పెడుతుంది కానీ, ఆ దండంలో దేవుడి మీద ప్రేమ ఉండదు.

జాతరలు ఏడాదికోసారే, మేలు తలచుకోవడం మాత్రం రోజూ ఉండాలి. రోజూ రాత్రి అన్నాల దగ్గర "ఇయ్యాల నీకు ఎవలేం చేసిన్రు?" అని అడగండి. మొదట్లో "ఎవలేం చెయ్యలే" అనే జవాబే వస్తుంది. గద్దించకండి. మీ ముచ్చట మీరు చెప్పండి. స్టేజీ దాటినా బస్సాపిన డ్రైవరు గురించో, గిన్నెడు పప్పుచారు పంపిన పక్కింటి పెద్దమ్మ గురించో.