తేనెపీక: వేషాలు, వాస్తవాలు

పాలు రాని పీకను చప్పరిస్తూ పసిబిడ్డ ఊరడిల్లే సాధనాన్ని అమెరికాలో పాసిఫయర్ అనీ, బ్రిటన్‌లో డమ్మీ అనీ అంటారు. తెలుగు ఇళ్ళలో దాని పేరు తేనెపీక. ఆ పేరులోని తేనెకూ ఈ వ్యాసంలో చోటుంది.

కొన్ని దశాబ్దాలుగా ఈ పీకకు వేషాలు వచ్చాయి. పెదవులకు ఆనుకొని ఉండే పలకపై గుబురు మీసమో, పంది ముక్కో, ఎత్తుపళ్ళో తీర్చి అమ్ముతున్నారు. అన్నప్రాశన నాటి ఫొటోలో ఆరునెలల బిడ్డ కోరమీసంతో ప్రత్యక్షమైతే నవ్వని చుట్టం ఉండడు. కొందరు తల్లిదండ్రులకు అది నిద్రలేని నెలలలో దొరికిన కాస్త వినోదం. మరికొందరి దృష్టిలో అది, హాస్యమంటే ఏమిటో తెలియని బిడ్డను ఆటబొమ్మను చేయడం. అమ్మమ్మలకు ఈ వాదంతో పనిలేదు. పీక ఏదైనా పళ్ళు ఎత్తుగా వస్తాయన్నదే వారి బెంగ. అందులో నిజం లేకపోలేదు. మూడేళ్ళు దాటినా అలవాటు మానకపోతే పలువరుస తీరు మారవచ్చు.

అందరూ బొమ్మను గురించి తర్కిస్తారు గాని, చూడవలసినది బొమ్మను మోసే పలకను. పీక నోటిలోకి జారి గొంతుకు అడ్డుపడకుండా ఆపేది అదే. అమెరికాలో 1978 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం పలకకు కనీసం రెండు రంధ్రాలుండాలి. పొరపాటున అది నోటిలో ఇరుక్కున్నా గాలి ఆడాలి గదా! వెలుపలి పిడి 16 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు. 10 పౌండ్ల బలంతో 10 సెకన్లు లాగినా ఏ భాగమూ ఊడరాదు. ఆరుసార్లు మరిగించి చల్లార్చి, మళ్ళీ లాగి చూస్తారు. మీసం ఎంత అందంగా ఉన్నా ఈ పరీక్షలకు నిలవాలి. ఇంట్లో జిగురుతో అద్దిన తళుకురాళ్ళు మాత్రం ఏ పరీక్షకూ లోనైనవి కావు. ఊడిన రాయి తిన్నగా నోటికే చేరుతుంది. పీకను త్రాడుతో మెడకు కట్టడం అంతకన్నా ప్రమాదం.

తల్లిపాలు కుదురుకున్నాక, నిద్రపుచ్చేటప్పుడు పీక ఇవ్వవచ్చునని అమెరికా శిశువైద్య అకాడమీ 2005లో సూచించింది. అలా వాడిన శిశువులలో నిద్రలో ఆకస్మిక మరణాలు తక్కువగా కనిపించడమే కారణం. అయితే నిద్రకు సాదా పీకే మేలు. వేషం ఫొటో వరకే.

ఇక తేనె. మనుమని చూడవచ్చిన పెద్దలు పీకను తేనెలో అద్ది నోట పెట్టడం ఆప్యాయతే. కాని 2018లో టెక్సస్ రాష్ట్రంలో, మెక్సికోలో కొన్న తేనె నింపిన పీకలు వాడిన నలుగురు శిశువులు బోట్యులిజం వ్యాధితో ఆసుపత్రి పాలయ్యారు. తేనెలో ఒక్కోసారి క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి సిద్ధబీజాలుంటాయి. సాధారణంగా పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తవు. ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో మాత్రం మొలకెత్తి, నరాల పనిని అడ్డగించే విషాన్ని తయారుచేయగలవు. ఇంట్లో తేనెను మరగబెట్టినంత మాత్రాన ఆ బీజాలు నశించవు. మలబద్ధకం, నీరసించిన ఏడుపు, చప్పరించే పట్టు సడలడం, మెడ వాలిపోవడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక వైద్యునికి చూపాలి. తేనె నాకించిన సంగతి, ఎవరు నాకించినా, దాచకుండా ఆయనకు చెప్పాలి.