కలుపు మొక్క గోధుమగా మారిందా?

విద్యార్థులారా! పొలం గట్టున పెరిగే గడ్డిగింజలను ఏటేటా విత్తుకుంటూ పోతే చివరికి అవి గోధుమలవుతాయని ఎవరైనా చెబితే నమ్ముతారా? సుమారు 170 సంవత్సరాల క్రితం ఫ్రాన్స్‌లో కొందరు పండితులు సైతం ఈ మాట నమ్మారు. అసలు సంగతి తేల్చినవాడు డొమినిక్ అలెగ్జాండర్ గోడ్రన్.

గోడ్రన్ 1807లో ఈశాన్య ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతంలో పుట్టాడు. చదివింది వైద్యమే అయినా ఆయన మనసంతా మొక్కల మీదే ఉండేది. తన ప్రాంతపు మొక్కలను వర్ణిస్తూ 1843-44లో ‘లొరేన్ వృక్షజాలం’ అనే గ్రంథం ప్రచురించాడు. 1854 నుంచి నాన్సీ నగరంలో ప్రకృతిశాస్త్రం బోధించాడు.

ఇక మన కథకు వద్దాం. దక్షిణ ఫ్రాన్స్‌లో ఈజిలాప్స్ అనే పొట్టి గడ్డిమొక్క పెరుగుతుంది. దాని వెన్ను నేలరాలితే అందులోని గింజలు అక్కడే మొలుస్తాయి. ఆ మొలకల్లో ఎప్పుడైనా ఒకటి మాత్రం పొడుగ్గా, గోధుమ పోలికలతో పెరిగేది. ఆగ్ద్ పట్టణంలో ఎస్ప్రి ఫాబ్ర్ అనే తోటమాలి అలాంటి మొక్కల గింజలను ఏళ్ళ తరబడి విత్తి చూశాడు. ఏటేటా గోధుమ పోలికలు పెరిగాయి. గడ్డే గోధుమగా మారిందని ఆయన అనుకున్నాడు.

గోడ్రన్‌కు ఒక సందేహం కలిగింది. ఆ వింత మొక్కలు గోధుమచేల పక్కనే ఎందుకు కనిపిస్తున్నాయి? గాలికి వచ్చిన గోధుమ పుప్పొడి కారణం కాదు కదా!

అనుమానంతో ఊరుకోలేదు, ప్రయోగం చేశాడు. ఈజిలాప్స్ పూలలోని కేసరాలను ముందే తీసివేశాడు. అంటే దాని సొంత పుప్పొడికి తావు లేదు. తరువాత కీలాగ్రం మీద గోధుమ పుప్పొడి వేశాడు. అలా వచ్చిన గింజలు విత్తితే సరిగ్గా ఆ వింత మొక్కే మొలిచింది! అది రెండు జాతుల సంకరం. 1854లో ఆయన ఈ ఫలితాన్ని ప్రకటించాడు. ఆ సంకరానికి మళ్ళీ గోధుమ పుప్పొడి అందిస్తే పిల్ల మొక్కల్లో గోధుమ పోలిక ఇంకా పెరిగింది. ఫాబ్ర్ తోటలో జరిగిందీ ఇదే.

ఇక్కడొక విషయం గమనించండి. ఫాబ్ర్ అబద్ధం చెప్పలేదు. ఆయన చూసింది నిజమే, చెప్పిన కారణమే తప్పు. కారణం తేల్చడానికి చూడడం ఒక్కటే చాలదు, పరీక్షించాలి.

మరో ఆశ్చర్యం కూడా ఉంది. మనం రొట్టెలు చేసుకునే గోధుమ కూడా వేల ఏళ్ళ క్రితం ఒక పాత గోధుమకూ, మరో రకం ఈజిలాప్స్‌కూ సహజంగా జరిగిన సంకరం వల్లనే పుట్టిందని 20వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు.

సరే, ఇప్పుడు మీకొక ప్రశ్న. ఫాబ్ర్ స్థానంలో మీరుంటే, మొక్కలకు గోధుమ పుప్పొడి తగలకుండా ఏం చేసేవారు? ఆలోచించి మీ నోటు పుస్తకంలో రాయండి.